జంట గుటకలు

కట్టు మార్చడానికి వచ్చిన డాక్టరమ్మ కాస్త పక్కకు జరగ్గానే, టైలరమ్మ దిండు మీంచి తలెత్తి తన పొట్ట మీది కుట్లను పరీక్షగా చూసుకుంది.

"గట్టిగానే వేశారు డాక్టరమ్మా. కొసన మాత్రం కాస్త వంకరపోయింది."

డాక్టరమ్మ చేతిలోని దూది జారి కింద పడింది. "ఈసారి వచ్చినప్పుడు సుద్దతో గీత గీసి ఉంచు. దాని మీదే కుడతాను" అంది.

"ఈసారా! ఒక్క కాన్పులో రెండు ఆర్డర్లు తెమిల్చాను. ఇక కొట్టు కట్టేసినట్టే."

పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు, ఇక పిల్లలు లేరులే అని అందరూ అడగడం కూడా మానేశాక, ఒకరికి ఇద్దరు పుట్టారు. ముందు ఆడపిల్ల, వెనకే మగపిల్లవాడు. ముందు వచ్చినదానికి ఒంటి మీద చర్మం వదులు చొక్కాలా ఉంది. వెనక వచ్చినవాడు మాత్రం తొమ్మిది నెలలూ తనొక్కడే ఉన్నట్టు బుగ్గలు పూరించుకుని వచ్చాడు. తండ్రి ఆ ఇద్దరినీ చెరో చేత్తో ఎత్తుకుని, "ఇది పిచ్చిక. వీడు బస్తా" అన్నాడు. మంచి పేర్లు తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చనుకున్నారు. ఆ తీరిక ఎప్పటికి చిక్కుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ వీధిలో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు. టైలరమ్మ అంటేనే పలుకుతుంది. ఇంటి ముందుగదే కొట్టు. కిటికీ పక్కన కాలితో తొక్కే మిషను, గోడ వారగా కత్తిరింపుల బల్ల, తీగ మీద సగం కుట్టిన బడి చొక్కాలు, మూలన గుడ్డపేలికలు కుక్కిన గోతాం. లోకంలో "రేపు రండి" అనని టైలరు ఆమె ఒక్కతే అని పేరు. చెప్పిన రోజుకు చెప్పిన బట్ట ఇవ్వకపోతే ఆ పూట ఆమెకు ముద్ద దిగదు. భర్త లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఎవరు ఏ అంతస్తుల మధ్య ఇరుక్కున్నా వెళ్ళి దించి వస్తాడు. ఇంట్లో తను ఇరుక్కుంటే మాత్రం దిక్కులు చూస్తాడు. అత్తగారు ఆడపిల్లల హాస్టల్లో వంటశాల ఏలిన మనిషి. ఉద్యోగం మానేసి ఎన్నేళ్ళయినా ఆ గొంతులో గరిట చప్పుడు పోలేదు.

ఇంటికొచ్చిన రోజే అత్తగారు కొంగు బిగించింది.

"చూడమ్మాయ్, వీళ్ళిద్దరినీ ఒక్కచోట పడుకోబెట్టకూడదు. ఒకరి ఏడుపుకి ఇంకొకరు లేస్తారు. పిల్ల నా గదిలో, పిల్లాడు నీ గదిలో. ఇక పాలంటావా, మా హాస్టల్లో ఒకటే రూలు. ముందు బక్కవాళ్ళు, తర్వాత బండవాళ్ళు. బండవాళ్ళని ముందు కూర్చోబెట్టామనుకో, గిన్నె ఖాళీ. బక్కవాళ్ళకి గరిట చప్పుడే మిగుల్తుంది."

ఇందులో తప్పు పట్టడానికేముంది? న్యాయమైన మాట. ఆ రూలుతో ఆవిడ ఎంతమంది పీలపిల్లలకు ఒళ్ళు చేయించిందో, వాళ్ళు ఇప్పటికీ దారిలో కనబడితే కాళ్ళకు దణ్ణం పెడతారు. టైలరమ్మ సరేనంది.

అలా మొదలైంది. ముందు పిచ్చికను తెచ్చి ఒళ్ళో పెట్టేవారు. అది నోరు ఆనించి, ఒకటి రెండుసార్లు చప్పరించి, అంతలోనే అలిసిపోయేది. కాలివేళ్ళు గిల్లేవారు, చెవి వెనక తడిగుడ్డ అద్దేవారు, పేరు పెట్టి పిలిచేవారు. కళ్ళు తెరిచి, ఎందుకమ్మా ఈ గొడవ అన్నట్టు ఒక చూపు చూసి మళ్ళీ మూసేది. అవతలి గదిలో బస్తా తన వంతు కోసం ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుండేవాడు. చివరికి దాన్ని తీసి వీణ్ణి పెడితే, వాడు కరువులోంచి వచ్చినవాడిలా అందుకుని గటగటా లాగేసేవాడు.

"అక్క వాటా కూడా వీడే మింగేస్తున్నాడు, వీడి పొట్ట పాడుగానూ" అనేది అత్తగారు, ఆ పొట్టనే ముద్దుగా నిమురుతూ.

డబ్బాపాలు పట్టి చూశారు. పిచ్చిక పట్టినదంతా కక్కేసింది. పిండిన పాలు చెంచాతో పోశారు. సగం మెడ కిందికి కారిపోయేవి. ఇల్లు ఇల్లులా లేదు. మిషను మీద ఆరేసిన పొత్తిగుడ్డలు, కత్తిరింపుల బల్ల మీద సీసాలు, కత్తెర ఎక్కడుందో ఎవరికీ తెలియదు. లిఫ్టాయన ఒకరోజు పొద్దున డ్యూటీకి వెళ్తూ పనిముట్ల సంచి అనుకుని పొత్తిగుడ్డల సంచి భుజాన వేసుకుపోయాడు. పదో అంతస్తుకు ఎక్కి, సంచి తెరిచి, చేసేదేమీ లేక తిరిగొచ్చాడు. "లిఫ్టు తడిపిందా?" అని తోటి మెకానిక్కులు ఇప్పటికీ అడుగుతారు. ఇక టైలరమ్మ తన జీవితంలో మొదటిసారి, గుమ్మంలో నిలబడ్డ ఖాతాదారుతో, "రేపు రండి" అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనే ఉలిక్కిపడింది.

మొదటి తూకానికి పిల్లల్ని వీధి చివరి క్లినిక్కుకు తీసుకువెళ్ళారు. అక్కడి నర్సమ్మ తక్కువ మాటల మనిషి. ముల్లు తక్కెడ మీద బస్తాను పెట్టగానే ముల్లు ఒక్క ఊపున పోయింది. పిచ్చికను పెట్టింది. ముల్లు పుట్టిననాటి చోటుకు కూడా చేరలేదు. నర్సమ్మ తక్కెడ సరిగ్గా ఉందో లేదో అని ఒకసారి తట్టి చూసింది. సరిగ్గానే ఉంది.

"నెల నిండేసరికి పుట్టిన బరువు దాటాలమ్మా. దాటకపోతే ఆస్పత్రిలో ఉంచి గొట్టంతో పట్టాలి. ఈ వారం చూద్దాం, వచ్చే వారం చూద్దాం అంటే కుదరదు."

ఆ మాట ఫోనులో వదినగారి దాకా పోయింది. లిఫ్టాయన అక్కగారు. పక్క ఊళ్ళో టైర్ల వ్యాపారం, మేడ, కారు, ఇద్దరు పెరిగిన కొడుకులు. ఆవిడ ఏ పనీ నానబెట్టదు.

"వినవే అమ్మాయ్. నువ్వేమైనా రెండు చేతులతో నాలుగు పనులు చేసే దేవతవా? బస్తాని నాకియ్యి. డబ్బాపాలతో పెంచుతా. వాడికేం, రాళ్ళు పెట్టినా అరిగించుకుంటాడు. నీ పాలన్నీ పిల్లకే మిగుల్తాయి. ఏడాది నిండాక తెచ్చి అప్పగిస్తా."

"ఏడాదా వదినా!"

"ఏడాది ఎంతలోకి? నేనేమన్నా పరాయిదాన్నా?"

పరాయిది కాదు. ఆ ప్రేమ దొంగప్రేమా కాదు. అదే చిక్కు. చెడ్డవాళ్ళు అడిగితే కాదనడం తేలిక. టైలరమ్మ భర్త వైపు చూసింది. లిఫ్టాయన నీళ్ళు నమిలాడు. "అక్క చెప్పిందాంట్లోనూ న్యాయం ఉంది కదా... అంటే... నువ్వెలా అంటే అలా" అన్నాడు. అత్తగారు మాత్రం బస్తా వీపు నిమురుతూ కూర్చుంది. అంటే ఆవిడకూ ఇష్టం లేదన్నమాట, కానీ తన రూలు ప్రకారం లెక్క అలాగే తేలుతోంది. బండవాణ్ణి పంక్తి నుంచి లేపితేనే బక్కదానికి కడుపు నిండుతుంది.

టైలరమ్మ చివరికి, "నెల తూకం దాకా ఆగండి వదినా. అప్పటికీ పిల్ల పుంజుకోకపోతే తీసుకెళ్దురుగాని" అంది.

"సరే. తూకం రోజు పొద్దున్నే కారు వేసుకుని వస్తా. మాట మాటే" అంది వదిన.

ఫోను పెట్టేశాక టైలరమ్మ తాను కుట్టిన బుల్లి చొక్కాలను రెండు దొంతరలుగా సర్దడం మొదలుపెట్టింది. ఇటు ఉండేవి. అటు వెళ్ళేవి. ఎన్ని వందల జతలు విడదీసి ఎవరి పొట్లం వాళ్ళకు కట్టి ఇచ్చిందో! ఈ రెండు దొంతరలు మాత్రం ఎంతకీ తెమల్లేదు. ఇటు పెట్టినది అటు, అటు పెట్టినది ఇటు అవుతూనే ఉంది. చివరికి అన్నీ కలిపి ఒకే మూటగా కట్టి బల్ల కింద తోసేసింది.

ఆ తర్వాత రెండోనాడో మూడోనాడో, మధ్యాహ్నం. అత్తగారు విరిగిన కళ్ళజోడు బాగు చేయించుకోవడానికి బజారుకు వెళ్ళింది. లిఫ్టాయన ఇంట్లోనే ఉన్నాడు కదా అని ధైర్యం. ఆవిడ అలా వీధి మలుపు తిరిగిందో లేదో, ఆయనకు ఫోను. ఏదో మేడలో లిఫ్టు మధ్యలో ఆగింది, లోపల ఒక లావుపాటి పెద్దమనిషి, ఒక కుక్క.

"ఇప్పుడే వచ్చేస్తా. ఒక్క అరగంట" అంటూ చెప్పులు వేసుకున్నాడు.

"ఆ కుక్క కరిచినా ఆయన్ని కరుస్తుంది గానీ, ఇక్కడ ఇద్దరూ నన్నే కరుస్తారు. తొందరగా రండి" అంది టైలరమ్మ.

ఆయన మెట్లు దిగాడు. పిచ్చిక సన్నగా మొదలుపెట్టింది. రూలు ప్రకారం దాన్నే ముందు ఒళ్ళోకి తీసుకుంది. చప్పరించింది, ఆగింది, కళ్ళు మూసింది. అవతలి గదిలో బస్తా సైరను. లేచి వెళ్ళి వాణ్ణి పట్టుకుంటే ఇది ఏడుపు. దీన్ని ఎత్తుకుంటే వాడు ఏడుపు. కాలుగాలిన పిల్లిలా ఈ గదికీ ఆ గదికీ తిరిగింది. పొట్ట మీది కుట్లు చురుక్కుమన్నాయి. ఇక లాభం లేదని ఇద్దరినీ ముందుగదిలోకి తెచ్చి, కత్తిరింపుల బల్లకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. పక్కనున్న బడిబట్టల మూటను మోచేతి కిందికి లాక్కుని, దాని మీద బస్తాను పెట్టి, చంకలో పుస్తకం ఇరికించుకున్నట్టు ఇరికించుకుంది. వాడి కాళ్ళు ఆమె పక్కనుంచి వెనక్కి పోయాయి. రెండో చేతిలో పిచ్చిక. న్యాయం, రూలు, వరస, ఏదీ ఆలోచించలేదు. కాసేపు చెవులు ఊరుకుంటే చాలనుకుంది.

వాడు అందుకున్నాడు. రెండు లాగులు లాగాడో లేదో, రెండు వైపులా ఒక్కసారి జివ్వుమంది. వాడి వైపే కాదు, రెండు వైపులా. పిచ్చిక వైపు అది లాగకుండానే పాలు దానంతటవే కారసాగాయి. దాని నోరు నిండిపోయింది. అది తత్తరపడి కళ్ళు పెద్దవి చేసింది.

గుటక్.

టైలరమ్మ ఊపిరి బిగపట్టింది. పిల్ల పుట్టాక ఆ గొంతులోంచి ఆ చప్పుడు వినడం అదే మొదలు. ఎంత చిన్నదంటే, గోడ గడియారం దాని ముందు సుత్తి.

గుటక్. కాసేపాగి, గుటక్, గుటక్.

వాడు లాగుతున్నాడు, అది తాగుతోంది. వాడు ఆగితే అదీ ఆగుతోంది. వాడు మళ్ళీ మొదలెడితే దానికి మళ్ళీ నోరు నిండుతోంది. టైలరమ్మ కదల్లేదు. తలుపు దగ్గర ఎవరో "టైలరమ్మా, చొక్కా?" అని పిలిచినా పలకలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. చంకలోని బుడతడి వైపు చూస్తూ, "నిన్నేనట్రా మేం వాటా దొంగ అన్నది?" అంది. వాడు పట్టించుకోలేదు. పనిలో ఉన్నాడు.

కళ్ళజోడుతో తిరిగొచ్చిన అత్తగారికి ముందుగా కనిపించింది ఆ దృశ్యమే. బక్కదీ బండవాడూ ఒకే పంక్తిలో!

"అయ్యయ్యో, ఇదేం పనే! వాడిక దానికేం మిగల్చడు!"

"అత్తయ్యా, వాడు మిగల్చడం కాదు. వాడే తెస్తున్నాడు. మీరు దగ్గరికొచ్చి వినండి."

అప్పటికే ఇద్దరూ వదిలేసి నిద్రపోయారు. వినడానికి ఏమీ లేదు. అత్తగారు పెదవి విరిచింది. "ఆకలికి ఏదో ఒకసారి మింగి ఉంటుంది. దానికే రూలు మార్చేస్తావా? నా హాస్టల్లో..."

"మీ హాస్టల్లో గిన్నె ముందే నిండి ఉండేది అత్తయ్యా. నా దగ్గర గిన్నె నిండటమే వాడు లాగితే. లాగేవాణ్ణి వెనక కూర్చోబెట్టి, లాగలేనిదాన్ని ముందు కూర్చోబెడుతున్నాం."

అత్తగారి మొహం మాడిపోయింది. ఎదురు మాట్లాడినందుకు కాదు. ఒక జీవితం మొత్తం నిలబెట్టిన రూలును రెండు ముక్కల్లో తోసేసినందుకు. ఆ పూట ఆవిడ బదులు గిన్నెలే గట్టిగా మాట్లాడాయి.

టైలరమ్మ ఒప్పించే పని మానేసి చేసే పని చూసుకుంది. మూట జారిపోతోంది, చేతులు లాగేస్తున్నాయి, కుట్లు నొస్తున్నాయి. రోజులో అన్నిసార్లూ అలా పట్టాలంటే ఒంటికి ఆసరా కావాలి. సాయంత్రం భర్త రాగానే, "ఆ కుక్క సంగతి తర్వాత చెబుదురుగాని, ముందు మిషను దగ్గర కూర్చోండి" అంది.

"నేనా?"

"నేను తొక్కకూడదన్నారు కదా డాక్టరమ్మ. కాళ్ళు మీవి, కళ్ళు నావి."

దిండు కుట్టడానికి ముతకగుడ్డ పరిచి, తన నడుము కొలత టేపుతో తీసుకుంది. ఆ గుండ్రం చుట్టూ ఇటు ఒక పిల్ల, అటు ఒక పిల్ల పట్టేంత వెడల్పున సుద్దతో గీసింది. నెలవంక ఆకారం. నడుముకు పెట్టుకుంటే రెండు కొసలూ వీపు వెనక దాదాపు కలవాలి. కత్తిరించిన రెండు పొరలనూ కచ్చాకుట్టుతో కలిపి భర్త చేతికిచ్చింది. లిఫ్టాయన తొక్కాడు. దారం తెగింది. మళ్ళీ తొక్కాడు. చక్రం వెనక్కి తిరిగింది.

"ఇదేమన్నా లిఫ్టా, పైకీ కిందకీ పోవడానికి? ముందుకే పోవాలి!"

"లిఫ్టయితే ఈపాటికి డాబా మీద ఉండేవాణ్ణి."

కచ్చాకుట్టు విప్పి చూస్తే పై పొర కిందిదానికంటే వేలెడు మిగిలిపోయింది. "చూశావా, గుడ్డ సాగింది" అన్నాడాయన.

"సాగలేదు. మిషను పళ్ళు కింది పొరనే పట్టి లాగుతాయి. పైదానికి పళ్ళు లేవు. దాని పాటికి దాన్ని వదిలేస్తే వెనకపడిపోతుంది. రెండూ కలిపి పట్టుకోండి, కిందిది లాగేకొద్దీ పైదీ దాంతోపాటే వెళ్ళిపోతుంది." చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది. తనేం చెబుతోందో తనకే అప్పుడు వినబడింది. తలెత్తి చూస్తే, గుమ్మం దగ్గర అత్తగారు పిచ్చికను భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో.

"ఆ దిండులోకి పేలికలేం చాలుతాయి. నా పాత పరుపు విప్పు" అంది అత్తగారు. అదీ ఆవిడ రాజీ. అంతకంటే ఎక్కువ మాట ఆ రోజుకు రాలేదు.

గోతాంలోని పేలికలు సగం, పరుపులోని దూది సగం కూరి దిండు కుట్టారు. అంచు నల్లేరు తీగలా వంకరలు పోయింది. మామూలుగా అయితే టైలరమ్మ విప్పి మళ్ళీ కుట్టించేది. నడుముకు పెట్టుకుని చూసుకుని, "దీనికి అందం ఎవడు చూస్తాడు" అంది. ఇటు బస్తా, అటు పిచ్చిక. రెండు చేతులూ ఖాళీ! ఇంటికొచ్చాక తన చేతులు తనకు ఖాళీగా కనబడటం అదే మొదటిసారి. ఒక చేత్తో మంచినీళ్ళ గ్లాసు అందుకుని దర్జాగా తాగింది.

ఆ పూటే అత్తగారు కొత్త కళ్ళజోడు సవరించుకుని, పిచ్చిక గొంతు దగ్గర చెవి పెట్టి కూర్చుంది. మొదట ఆవిడ మొహంలో అనుమానం. తర్వాత కనుబొమలు లేచాయి. తర్వాత, ఒక్కో గుటకకూ ఆవిడ గొంతు కూడా మింగడం మొదలుపెట్టింది. తలెత్తి కోడలి మొహంలోకి చూడకుండానే, వేలుతో పిల్ల గడ్డం కింద ఆసరా పెట్టి, "మెడ వాల్చేస్తోంది. నేను పట్టుకుంటాలే, నువ్వు నడుం వాల్చి కూర్చో" అంది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పెత్తనం మారలేదు, రూలు మారింది. పిల్లలిద్దరినీ ఒకే పక్క మీద పడుకోబెట్టారు. ఒకరి ఏడుపుకు ఇంకొకరు లేచారు. లేవడమే కావాలిప్పుడు. బస్తా కేక పెడితే అదే గంట. అత్తగారు దిండు తెచ్చేది, లిఫ్టాయన పిల్లల్ని అందించేవాడు. ఆ సమయంలో ఎవరైనా బట్టల కోసం గుమ్మమెక్కితే అత్తగారు చేయి అడ్డం పెట్టి, "భోజనాల వేళ. తలుపులు మూశాం. తర్వాత రండి" అనేది. హాస్టల్ వార్డెన్లు కూడా ఆ గొంతుకు వెనక్కి తగ్గేవారట. బడిచొక్కా కోసం వచ్చినవాళ్ళు ఎంత!

అన్ని పూటలూ సాఫీగా సాగలేదు. ఒకరోజంతా పిచ్చిక తాగినది తాగినట్టు కక్కింది. టైలరమ్మ బల్ల కిందికి తోసిన మూట వైపు చూడకుండా ఉండటానికి మొహం గోడ వైపు తిప్పుకుంది. మర్నాడు మళ్ళీ పట్టింది. ఇంకో రోజు బస్తాకు ముక్కు దిబ్బడేసి వాడు లాగనన్నాడు. "ఒరేయ్, నువ్వు సమ్మె చేస్తే ఇంజను ఆగిపోతుందిరా" అని తండ్రి బతిమాలాడు. వాడు దయతలిచాడు. రోజులు గడుస్తుంటే పిచ్చిక ఏడుపుకు గొంతు వచ్చింది. ఒక పొద్దున అది బస్తా కంటే ముందు లేచి, వాణ్ణే లేపేంత కేక వేసింది. పిట్ట కొంచెం కూత ఘనం అంటూ అత్తగారు వీధి వీధంతా చెప్పుకొచ్చింది. కానీ కూత వేరు, తూకం వేరు. ముల్లుకు చెవులు ఉండవు. రోజూ ఎత్తుకునే చేతులకు బరువు తెలియదు. పిల్ల బట్టలు విప్పినప్పుడల్లా టైలరమ్మ టేపు తీయబోయి, భయపడి మళ్ళీ మెడలో వేసుకునేది.

తూకం రోజు పొద్దున్నే కారు వచ్చింది. వదిన దిగేలోపే వెనక సీట్లో ఉయ్యాల కొస కనబడింది. సరికొత్తది. పెద్దది. పక్కన పాల డబ్బాలు, సీసాలు, దోమతెర.

"అన్నీ కొనేశా. ఆలస్యం ఎందుకూ? ఏదీ నా బస్తా?" అంటూ వాణ్ణి ఎత్తుకుని, "అమ్మో, నడుం పట్టేసింది" అంది ఆనందంగా. పక్కనే పడుకున్న పిల్లను చూసి కాస్త ఆగింది. "బాగానే ఉన్నట్టుందే?" అంది. బాగానే ఉన్నట్టుండటం గురించి మాట్లాడే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

క్లినిక్కులో వరస పెద్దదే. బిడ్డల్ని ఒళ్ళో పెట్టుకుని తల్లులు గోడ వారన కూర్చున్నారు. వీళ్ళ వంతు వచ్చింది. ముందు బస్తా. ముల్లు పోయిన దూరం చూసి వరసలో ఎవరో "బాబోయ్" అన్నారు. తర్వాత నర్సమ్మ పిచ్చిక కోసం చేతులు చాచింది. టైలరమ్మ ఇచ్చింది. ఇచ్చాక ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వదిన బస్తాను గట్టిగా పట్టుకుని ఉంది. లిఫ్టాయన పైకప్పు వైపు చూస్తున్నాడు.

ముల్లు కదిలింది. కిందటిసారి ఆగిన చోటు దాటింది. పుట్టిననాటి గీత దగ్గరకు వచ్చింది. టైలరమ్మకు ఊపిరి అక్కడే ఆగింది, ముల్లు మాత్రం ఆగలేదు. నర్సమ్మ అడిగిన ఆ గీతను దాటింది, ఇంకా కాస్త ముందుకు పోయి, సన్నగా ఊగి, నిలబడింది.

నర్సమ్మ వంగి చూసింది. కళ్ళు చిట్లించింది. తక్కువ మాటల మనిషి మొహం మీద ముందు నవ్వు వచ్చింది, తర్వాత మాట.

"ఏం చేశారమ్మా?"

"ఇద్దరికీ ఒకేసారి పట్టాను."

"మంచిపని. మొదటి తూకం రోజే చెప్పాను కదా, కలిపి పట్టొచ్చని?"

టైలరమ్మ భర్త వైపు చూసింది. భర్త తల్లి వైపు చూశాడు. "ఆ రోజు మీరేం చెప్పారో నాకేం తెలుసు నర్సమ్మా. ఆ రోజు ఎవరైనా నా పేరు అడిగినా చెప్పలేకపోయేదాన్ని" అంది టైలరమ్మ. వరసలోని తల్లులంతా ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వు వాళ్ళందరికీ తెలిసిన నవ్వు.

"నేను అంటూనే ఉన్నా, కలిపి పట్టవే అమ్మాయ్ అని" అంది అత్తగారు, వరస మొత్తానికి వినబడేలా. "మా హాస్టల్లో కూడా అంతే. అందరికీ ఒకే పంక్తి."

లిఫ్టాయన నోరు తెరిచాడు. టైలరమ్మ అతని కాలు తొక్కింది. నోరు మూశాడు.

వదిన ఇంకా బస్తాను పట్టుకునే ఉంది. వాడి బుగ్గకు తన బుగ్గ ఆనించింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. "మాట మాటే" అంటూ వాణ్ణి తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది. "కొన్న ఉయ్యాల మాత్రం నేను వాపసు ఇవ్వను. కారులోంచి దించుకోరా తమ్ముడూ. నేను వాడొక్కడికే అనుకుని కొన్నా గానీ, అందులో ఇద్దరూ పడతారు. చూడు, ఈ వారం నేను ఇక్కడే. ఈ మనిషి నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఆ మొహం చూస్తే తెలియట్లా? ఇంట్లో చూసిన ఆ నెలవంక దిండు ఎలా పెడతారో నాకూ నేర్పండి."

నర్సమ్మ పిచ్చికను తక్కెడలోంచి తీయబోయింది. అది ఆ చల్లటి పళ్ళెంలో కాళ్ళు తన్నుకుంటూ, తనను అంతసేపు పడుకోబెట్టినందుకు క్లినిక్కు దద్దరిల్లేలా తిడుతోంది.

"నర్సమ్మా, ఉండండి" అంది టైలరమ్మ. "ఇంకోసారి తూచండి."

"ఎందుకమ్మా? నమ్మకం లేదా?"

"నమ్మకం ఉంది. చూడాలని ఉంది."

వెనక వరసలో ఒక్క తల్లి కూడా ఆలస్యమైందనలేదు. కూర్చున్నవాళ్ళు కూడా లేచి మెడలు చాచారు. నర్సమ్మ పిల్లను ఎత్తి, ముల్లు మొదటికి వచ్చేదాకా ఆగి, మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. ముల్లు మళ్ళీ బయలుదేరింది.